ఆపా రెండోసారి అడిగేవారు

పోయిన వారం కళ్లద్దాల షాపుకు వెళ్లాను. నలభై దాటాక అందరికీ వచ్చే దగ్గరచూపు గొడవే. పేపరును చేయి చాచి పట్టుకుని చదువుతుంటే ఇంట్లో వాళ్లు నవ్వడం మొదలుపెట్టారు, ఇక తప్పదనిపించింది. షాపులో అమ్మాయి నా ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి, అది తీసి ఇంకొకటి వేసి, "ఇది క్లియర్‌గా ఉందా సార్, ఇదా?" అని అడిగింది. నాకు తేడా ఏమీ తెలియలేదు. "మొదటిదే బాగుందమ్మా" అన్నాను. మళ్లీ రెండు మార్చింది. "రెండోది" అన్నాను. నా వెనకాల బెంచీ మీద ఇద్దరు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు తెలియడం లేదని చెప్పుకోవడం నామోషీ. పాపం ఆ అమ్మాయి నేను చెప్పిందల్లా శ్రద్ధగా కంప్యూటర్లో ఎక్కిస్తోంది.

అప్పుడు ఆపా గుర్తొచ్చారు. ఆపా పోయి రెండు నెలలైనా కాలేదు. ఆమె పక్కన కూర్చుని ఏళ్ల తరబడి పని చేసినవాణ్ణి. ఆ పని కూడా అద్దాలు పెట్టుకున్న మనిషిని "ఏం కనిపిస్తోంది" అని అడగడమే. అలాంటివాణ్ణి ఇనుప ఫ్రేము పెట్టుకుని హాయిగా అబద్ధాలు చెబుతున్నాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆఫీసులో అందరం ఆమెను అలాగే పిలిచేవాళ్లం. ఆమెకంటే పెద్దవాడైన మా బాసు కూడా ఆపా అనే అనేవాడు. ఈస్ట్ మారేడ్‌పల్లిలో ఒక పాత ఇంటి పై అంతస్తు మా ఆఫీసు. కింద టైలరు. మేము చేసే వస్తువు పైకి మామూలు కళ్లజోడులాగే ఉంటుంది. చెవి మీదికి పోయే కమ్మీలో మాత్రం ఒక బుల్లి ప్రొజెక్టరు దాక్కుని ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లు మూడూ కలిసి ఒక సన్నటి వెలుగు పోగు అవుతాయి. ఆ పోగు వెళ్లి నూక గింజంత అద్దం మీద పడుతుంది. ఆ అద్దం కంటికి అందనంత వేగంగా అటూ ఇటూ ఊగుతూ, గీత కింద గీతగా, నేరుగా కంట్లోనే బొమ్మ గీస్తుంది. పోగు అంత సన్నం కాబట్టి, కంటి ముందుభాగం మచ్చలు పడి మసకబారినవాళ్లకు కూడా మంచిగా ఉన్న చోటు చూసి దూరిపోయి అక్షరం చూపిస్తుంది. చూపించాలి. చూపించాలన్నదే మా ఆశ.

ఆ వెలుగు దారి మొత్తం గీసింది ఆపా. జనగామలో పుట్టి, బొల్లారంలో స్థిరపడిన మనిషి. పొద్దున్నే వచ్చి చున్నీ కొస నడుముకు దోపుకుని బెంచీ ముందు కూర్చునేవారు. మా వీధికి రైలు పట్టాలు దగ్గర. గూడ్సు బండి వస్తే బెంచీ సన్నగా వణికేది. మాకెవరికీ తెలియకముందే ఆపా స్క్రూ మీది నుంచి చేయి తీసేసి గాల్లో పెట్టుకుని, "పోనీ, పోనీ, గరీబు గూడ్సు, ఎన్ని బరువులు మోస్తున్నదో" అని, అది వెళ్లిపోయాక మళ్లీ మొదలుపెట్టేవారు. చాయ్ సాసర్లో పోసుకునే తాగేవారు. అంత నాజూకు పని చేసే మనిషి కళ్లద్దాలు మాత్రం ఎప్పుడూ వేలిముద్రలతో మురికిగా ఉండేవి. "ముందు మీవి తుడుచుకోండి ఆపా" అని ఏడిపించేవాణ్ణి. "నేనేమన్న వాటిని చూస్తనా తమ్మీ? వాటిలకెల్లి చూస్త" అనేవారు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏదైనా రెండుసార్లు అడగడం. టిఫిన్ డబ్బాలో చింతకాయ తొక్కు తెచ్చి అందరికీ తలా కొంచెం పెట్టేవారు. "ఎట్లున్నది?" అంటే ఎవరైనా ఏమంటారు? "సూపరుంది ఆపా" అంటాం. ఆమె తల ఊపి, మేము ఇంకో రెండు ముద్దలు తినేదాకా ఆగి, మళ్లీ అదే మాట అడిగేవారు. "ఇప్పుడు చెప్పు. ఎట్లున్నది?" ఆ రెండోసారికి మనిషి నోట్లోంచి నిజం జారేది. "ఉప్పు జెర ఎక్కువైంది ఆపా." ఆమె మొహం వెలిగిపోయేది. "హా. గీ ఒక్క మాటకు గింత సేపా?"

పనిలో కూడా అంతే. అద్దాలు పెట్టి, బొమ్మ వేసి, "ఏం కనవడుతున్నది?" అని అడిగేవారు. మేము చెప్పేవాళ్లం. "మళ్ల చెప్పు. ఏం కనవడాల్నో కాదు, ఏం కనవడుతున్నదో చెప్పు." విసుగొచ్చేది. ఒకసారి మా బాసు చిరాకు పడితే, "వెలుగుకు మొహమాటం లేదు సార్. మనుషులకే ఉన్నది. అందుకే రెండుసార్లు అడుగుడు" అన్నారు. ఆ రోజుల్లో ఆ మాట నాకు తెగ నచ్చింది. బయటి వాళ్ల దగ్గర నా సొంత మాటలాగా చెప్పుకున్నాను కూడా.

మా పరీక్షలకు ఒక పెద్దాయన వచ్చేవాడు.

ఆయన రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మౌలాలిలో ఇల్లు. ఉద్యోగంలో ఉండగా కళ్లలో ఇనుప రజను పడి అయిన గాయాలు మానినా మచ్చలు మిగిలిపోయాయి. వయసుతో పాటు అవి ముదిరి అక్షరాలన్నీ అలికేసినట్టయ్యాయి. ఆయన బాధ చాలా చిన్నది. భార్యకు చదువు రాదు. పెళ్లయిన కొత్తల్లో మొదలుపెట్టి, రోజూ పొద్దున చాయ్ తాగుతూ ఆమెకు పేపరు చదివి వినిపించడం ఆ ఇంటి అలవాటు. అది ఆగిపోయింది. టీవీ ఉంది కదా అంటే, "టీవీ ఆమెకు చెప్తది గని నేను చెప్పినట్టు చెప్తదా?" అన్నాడు. మా పరీక్షలకు వచ్చిన వాళ్లందరిలోకీ ఆపాకు ఈయనంటే ఎక్కువ అభిమానం. కాకా అని పిలిచేవారు.

ఒక రోజు మా వస్తువు చూడడానికి బయటి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. కాకాను పిలిపించాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె చేతిలో టిఫిన్ సంచి. అందరూ చుట్టూ నిలబడ్డారు. నేను ఫ్రేము పెట్టి, ముక్కు దగ్గర సరిచేసి, పక్కకు జరిగాను. సికింద్రాబాద్ స్టేషన్ బోర్డు బొమ్మ వేయాలని పొద్దుటి నుంచి ఆయన ముందే అనుకుంటూ ఉన్నాం. అదే మా తెలివి.

"కాకా, ఏమన్న కనవడుతున్నదా?" అన్నారు ఆపా.

"మంచిగ కనవడుతున్నది బిడ్డా. సికింద్రాబాద్ టేషన్ బోర్డు గదా. మంచిగున్నది."

ఆ ఇద్దరూ చప్పట్లు కొట్టారు. మా బాసు కొట్టాడు. నేనూ కొట్టాను. కాకా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆపా ఒక్కరే కొట్టలేదు. ఆమె కాకా చెవి పక్కన చూస్తున్నారు. లేజరు వెలుగుతున్నంత సేపూ కమ్మీ మీద ఆవగింజంత ఆకుపచ్చ లైటు వెలగాలి. అద్దం ఊగడం ఆగిపోతే, కంటికి హాని జరగకుండా లేజరు తనంతట తనే ఆరిపోతుంది. ఆ లైటు ఆరిపోయి ఉంది. ఎక్కడో వైరు వదులైంది. నేను నిలబడ్డ వైపే ఆ లైటు. చప్పట్ల హడావిడిలో నేను దాన్ని చూడనే లేదు.

ఆపా తన అలవాటు ప్రకారం రెండోసారి అడిగారు. "కాకా, మళ్లొకసారి చెప్పు. ఏం కనవడాల్నో కాదు, ఏం కనవడుతున్నదో చెప్పు."

"గదే బిడ్డా, టేషన్ బోర్డు. పసుపుపచ్చగున్నది, మీద నల్ల అక్షరాలు."

"లైటు బందయి ఉన్నది కాకా. లోపల ఏం లేదు."

ఎంత మామూలుగా అన్నారంటే, తొక్కులో ఉప్పు ఎక్కువైందన్నట్టు అన్నారు. కాకా అద్దాలు తీశాడు. తన చొక్కా అంచుతో వాటిని తుడిచాడు, వాటికి తన మురికేదో అంటినట్టు. తుడిచి బల్ల మీద పెట్టాడు. ఎవరి వైపూ చూడలేదు. ఆయన భార్య టిఫిన్ సంచి చేతిలోకి తీసుకుని, ఆపాతో మెల్లగా, "మా ఆయన అబద్ధం ఆడే మనిషి కాదమ్మా" అంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు. నేను ఆటో మాట్లాడతానని వెనకాలే వెళ్తే, వద్దని చేత్తోనే చెప్పాడు.

ఆ రోజంతా ఆపా బెంచీ దగ్గరే కూర్చున్నారు. గూడ్సు బండి వెళ్లింది. ఆమె చేయి స్క్రూ మీదే ఉండిపోయింది. సాయంత్రం నాతో, "నేను తప్పు చెప్పిన్నా తమ్మీ?" అన్నారు.

"నిజమే కదా ఆపా."

"నిజమే. ఎవరి ముందట చెప్పిన?"

ఆయన సిగ్గుపడ్డ ఆ గదిలో మేమంతా నిలబడి ఉన్నాం, వైరు వదులైంది మాది, చప్పట్లు మావి, పరువు పోయింది ఆయనది.

ఆ ఆదివారం ఇద్దరం నా బండి మీద మౌలాలి వెళ్లాం. కాకా వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు, అది ఇంకా బాధనిపించింది. ఆపా కూర్చోకుండానే, "మాఫ్ చెయ్యి కాకా" అన్నారు.

"నువ్వెందుకు బిడ్డా, తప్పు నాదే. మీరు గంత తక్లీఫ్ పడ్డరు. గా సార్లు సుత వచ్చిన్రు. కనవడ్తలేదు అంటే మీ మొహాలు చిన్నగయితయి అనుకున్న."

"కనవడ్తలేదని చెప్పుడే మాకు పని కాకా."

"గది ముందుగాల చెప్పాలె గదా" అన్నాడు. కోపంగా కాదు. ఉన్న మాట చెప్పినట్టు అన్నాడు. ఆపా తలుపు తెర వైపు తిరిగి, "అమ్మా, ఆయన అబద్ధం ఆడలే. నేను అడిగిన తీరే తప్పు" అన్నారు. లోపల గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. ఆమె బయటికి రాలేదు.

మర్నాడు ఆఫీసులో ఆపా కొత్త పద్ధతి పెట్టారు. పరీక్ష నడుస్తుండగా మధ్యమధ్యలో మేమే బొమ్మ ఆర్పేయాలి. అలా ఆర్పుతామని కూర్చున్న మనిషికి ముందే చెప్పాలి. ఆర్పినప్పుడు "లేదు" అంటే అది సరైన జవాబు. గదిలో అవతలి వాళ్లెవరూ ఉండకూడదు. "లేదు అనుడు సుత పాసే అని చెప్పాలె. అప్పుడు మనిషికి సిగ్గనిపియ్యది" అన్నారు.

ముందు మా మీదే షురూ చేశారు. నేను అద్దాలు పెట్టుకుని, ఎంతో ధీమాగా, "స్టేషన్ బోర్డు, కింద అంచు కొంచెం వంకర" అన్నాను. ఆరిపోయి ఉంది. బాసు కూడా అలాగే బోల్తాపడ్డాడు. చివరికి ఆపాను కూర్చోబెట్టాం. చాలా సేపు కళ్లు చికిలించి, "ఉన్నది. కుడిదిక్కు జెర మసక" అన్నారు. ఏమీ లేదు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు. నవ్వి నవ్వి, చున్నీతో కళ్లు తుడుచుకుంటూ, "కాకా నిజంగనే చూసిండేమో తమ్మీ. నేను లేనిది చూసిన గదా" అన్నారు. తర్వాత ఇక నవ్వలేదు.

ఈ పద్ధతితో మరో సంగతి కూడా బయటపడింది. బొమ్మ కనిపించాలంటే కంటిపాప ఒక చిన్న చోటులో ఉండాలి. ఆపా దాన్ని కిటికీ అనేవారు. ఆ కిటికీని మేము ఆఫీసులో కూర్చునే మా మొహాలకు సరిపెట్టుకున్నాం. పెద్దవాళ్లకు బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి, అద్దాలు ముక్కు మీద కిందికి జారతాయి. బొమ్మ పోయి రెప్ప మీద పడుతుంది. ఇన్నాళ్లూ వచ్చిన పెద్దవాళ్లలో సగం మంది మా మీది మొహమాటంతో "బాగుంది" అని వెళ్లారన్నమాట. కిటికీ పెంచితే బొమ్మ తగ్గుతుంది. రెండూ పెంచాలంటే ఊగే అద్దం పెద్దదవ్వాలి. పెద్దదైతే అది అంత వేగంగా ఊగదు. ముగ్గురికి ఒకే గొడుగున్నట్టు, ఎవరో ఒకరు తడవాల్సిందే. బాసుకు పెద్ద బొమ్మ కావాలి, చూడ్డానికి వచ్చినవాళ్లు నోరు తెరవాలి. ఆపా ఒప్పుకోలేదు. "సినిమా చూడనీకె కాదు సార్, పేపరు చదవనీకె. బొమ్మ చిన్నగయినా పర్వాలేదు. మనిషి మెడ తిప్పితే పోవద్దు" అన్నారు. రోజుల తరబడి వాదన నడిచింది. బాసు అలిగాడు. ఆపా వెలుగు దారంతా చెరిపేసి మళ్లీ గీశారు.

చాలా నెలలకు కాకా మళ్లీ వచ్చాడు. నేనే వెళ్లి బతిమాలి తీసుకొచ్చాను. ఒక్కడే వచ్చాడు. ఆపా బాసును కూడా బయటికి పంపేశారు. నేను కాకా వెనకాల స్విచ్ దగ్గర కూర్చున్నాను.

"ఉన్నది" అన్నాడు కాకా. "ఉన్నది. లేదు. ఇప్పుడు లేదు బిడ్డా. ఇంక లేదు. ఆ, ఉన్నది."

ప్రతి "లేదు"కీ ఆపా "శభాష్ కాకా" అంటున్నారు. తర్వాత ఏదో పాత పేపర్లోంచి ఎక్కించిన వార్త వేశాం. ఆయన పెదవులు కదిపాడు. కూడబలుక్కుని, చూపుడు వేలు గాల్లో జరుపుతూ చదివాడు. ఉన్నట్టుండి అద్దాల మీది నుంచి మా వైపు తిరిగాడు. "రేపు మా దిక్కు నల్లా నీళ్లు రావా? ఇంట్ల డ్రమ్ము ఖాళీగున్నది!"

నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఆపా చేత్తో నోరు మూసుకున్నారు. అది పాత పేపరని మేము చెప్పేలోపే ఆయన జేబులోంచి ఫోను తీసి, తడుముకుంటూ మీట నొక్కి, భార్యకు చెప్పేస్తున్నాడు. ఆయన ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది.

"రేపు నీళ్లు రావంట. డ్రమ్ము నింపు. పేపర్ల రాసిన్రు. నేనే చదివిన."

అవతలి నుంచి ఆమె గొంతు. "నిజంగనే చదివినవా, ఉత్తగనే అన్నవా?"

కాకా నవ్వుతూనే, "నిజంగనే" అన్నాడు. ఆయనకు ఆ ప్రశ్నలో తప్పేమీ తోచలేదేమో. ఆపా మొహం మాత్రం వాడిపోయింది. చున్నీ కొస నడుములోంచి లాగి, కళ్లద్దాలు తీసి తుడుస్తూ ఉండిపోయారు. ఆమె తన అద్దాలు తుడవడం నేను చూసింది అదొక్కసారే. కాకాను ఆటో ఎక్కించి వచ్చాక నాతో అన్నారు, "ఆమె ఎన్నడన్న ఆయనను రెండోసారి అడిగి ఉంటదా తమ్మీ? గా మాట ఆమె నోట్లె పెట్టింది నేనే."

కాకా ఇప్పుడు ఇంట్లో ఆ అద్దాలతో పేపరు చదువుతున్నాడు. అది నిజం. ఆపా అది తలచుకుని సంతోషించడం మాత్రం నేను చూడలేదు. తొక్కు తెచ్చినప్పుడు ఆమె ఇక రెండోసారి అడిగేవారు కాదు. ఎవరైనా బాగుందంటే, "మంచిది" అని డబ్బా మూసేసేవారు. యంత్రాన్ని మాత్రం ఎన్నిసార్లయినా అడిగేవారు.

చివరగా ఆమెను చూసింది బొల్లారంలో, వాళ్ల ఇంట్లో. జబ్బు ఏమిటో మాకు తెలుసు, ఎన్ని రోజులో తెలియదు. మధ్యాహ్నం. మంచానికి అటువైపు ఆమె చెల్లెలు, చెల్లెలి కూతురు కూర్చుని ఉన్నారు. ఆపా దిండుకు ఆనుకుని ఉన్నారు. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. కళ్లద్దాలు లేకపోతే ఆమె మొహం ఇంత చిన్నదా అనిపించింది. నన్ను చూసి నవ్వి, "రా తమ్మీ. నేను ఎట్ల కనవడుతున్న?" అన్నారు.

"బాగున్నారు ఆపా. పోయిన నెలకంటే బాగున్నారు. మొహంలో కళ వచ్చింది."

అనేశాను. ఆమె నా మొహంలోకి చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. అలా చూశాక ఏం వస్తుందో కూడా తెలుసు. ఇన్నేళ్ల నా కొలువులో ఎన్నో సార్లు విన్న మాట అది. ఇప్పుడు అడుగుతారు, ఏం కనవడాల్నో కాదు అంటారు, నేను వీళ్లందరి ముందూ నోరు తెరవాలి. ఆమె పెదవులు కొద్దిగా విడివడ్డాయి కూడా.

ఆపా ఒకసారి చెల్లెలి వైపు చూశారు. చెల్లెలి కూతురి వైపు చూశారు. మళ్లీ నా వైపు తిరిగారు.

"అట్లనా? మంచిది" అన్నారు. "చాయ్ తాగు తమ్మీ, సల్లగయితది."

కాకాకు దొరకనిది నాకు దొరికింది. నేను అబద్ధం ఆడానని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని నాకు తెలుసు. ఆ చాయ్ చివరిదాకా తాగాను. తల ఎత్తలేకపోయాను.